గుండ్రటి ఖాళీ

పోలండులో విస్తులా నది ఒడ్డున ఉన్న మా బడికి మూడొందల యాభయ్యేళ్ళు నిండిన పండగ. హెడ్మాస్టరు కొత్త ఇత్తడి పలక మీది ముసుగు లాగి, "ల్యుదోమిర్ మా బడి ముద్దుబిడ్డ!" అన్నాడు. ఫాదర్ దాని మీద తీర్థం చల్లాడు. నాతో చదువుకున్న ల్యుదోమిర్ నా పక్కనే నిలబడి ఉన్నాడు.

స్టాలిన్ పోయినప్పుడు, అందరూ మౌనం పాటిస్తుంటే కిసుక్కున నవ్వాడని వాణ్ణి గెంటేసింది ఈ బడే. ఆఖరి పరీక్షకు రెండు నెలలే ఉంది. బొగ్గు గనిలో కూలికి చేరినవాడు, తన తిప్పలు తానే పడి పెద్ద సర్జనయ్యాడు.

మా బ్యాచి ఫోటోల చట్రం వరండాలో ఇంకా వేలాడుతోంది. ముప్పై మొహాలు, నడుమ ఒక గుండ్రటి ఖాళీ.

"తన్ని తరిమినవాళ్ళే ఇప్పుడు పలకలు పెడతారా? థూ!" అన్నాను పైకే.

ల్యుదోమిర్ నా భుజం మీద చెయ్యేశాడు. "పోనీలేరా. పలక మీద నా ఫోటో నువ్విచ్చిందేనటగా? నా దగ్గర కూడా లేదు. నలభయ్యేళ్ళు దాచావా, పిచ్చోడా!"

వాడి కళ్ళు చెమర్చాయి. నేను పలక వైపు చూశాను. అద్దం కింద ఫోటో గుండ్రంగా ఉంది.

ఆనాడు చట్రంలోంచి దాన్ని తీసెయ్యమని నన్నెవరూ అడగలేదు. ఇంటి నుంచి కత్తెర నేనే పట్టుకెళ్ళాను.