దొర సంతతి

“ఆగావేం? చదువు,” అన్నాడు పెద్దసారు.

పశువుల డాక్టరమ్మ మళ్లీ కాగితాల మీదికి వంగింది. వారం క్రితమే ఆయనకు శుక్లాల ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని పడకకుర్చీలో వెనక్కి వాలి వింటున్నాడు. ఎర్రమూపు జాతి పశువుల చరిత్ర ఆయన పదేళ్లుగా రాస్తున్న పుస్తకం. అచ్చుకు పోయేముందు చదివి వినిపించడానికి, పశుకేంద్రంలో తన కింద పనిచేసిన ఆమెనే పిలిపించుకున్నాడు.

అప్పటిదాకా బాగానే చదివింది. రాళ్లనేలలో మందలు కాసేవాళ్లు ఈ జాతిని ఎలా నిలబెట్టుకున్నారో, మొదటి ఆరు పశువులు ఓడెక్కి సముద్రం ఎలా దాటాయో, వరసగా మూడేళ్లు వానల్లేక జాతి మొత్తం రెండు వందల తలలకు ఎలా పడిపోయిందో. ఆ తర్వాత దొర కథ. కేంద్రంలో పుట్టిన ఆ ఒక్క ఆబోతు వీర్యాన్ని గడ్డకట్టించి, స్ట్రాలనే సన్న గొట్టాల్లో నింపి పంపితే, పద్నాలుగు దేశాల్లో ఎర్రమూపు మందలు లేచాయి.

“‘దొర పదిహేనేళ్లు బతికి, ముసలితనంతో...’” మళ్లీ అక్కడే ఆగిపోయింది.

“ఇది అబద్ధం సార్.”

“ఏది?”

“దొర ముసలితనంతో పోలేదు. నేనే చంపేశాను.”

ఆమె కాగితాలు ఒళ్లో పెట్టుకుంది. ఇరవై రెండేళ్లు కడుపులో దాచుకున్న మాట ఒక్కసారి బయటపడ్డాక ఇక ఆగలేదు.

“అప్పుడు నేను కొత్తగా చేరాను. మీరు ఊళ్లో లేరు. పొద్దున నేను కొట్టం గడియ సరిగా వెయ్యలేదు. దొర దాణాగదిలో దూరి బస్తాలకు బస్తాలు తినేసింది. నేను చూసేసరికి కడుపు డోలులా ఉబ్బిపోయి ఉంది. సూది గుచ్చి గాలి తీయబోయాను. అప్పటికే ఆలస్యమైపోయింది.”

“నాకు ఒక్క ముక్క చెప్పలేదే!”

“భయమేసింది సార్. దాన్ని మీరు కన్నబిడ్డలా చూసుకునేవాళ్లు. కాపరి తాత ట్రాక్టరుతో గొయ్యి తవ్వించాడు. ఏదో మామూలు ఎద్దు పోయిందని రిజిస్టర్లో రాశాను. దొర చెవికున్న నంబరు బిళ్ల ఊడదీసి, అదే రంగు, అదే మూపు ఉన్న గిత్తకు తగిలించాను. తాత కూడా తను పోయేదాకా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.”

“మరి ఆ తర్వాత పంపిన స్ట్రాలు?”

“అన్నీ ఆ గిత్తవే. తొమ్మిది దేశాలకు. నాకు అవార్డు వచ్చినప్పుడు మీరు తల నిమిరారు చూడండి, ఆ పూట నాకు ముద్ద దిగలేదు. వచ్చే నెల ఆ దేశాల రైతులు దొర విగ్రహం చూడ్డానికి వస్తారట. ఏ మొహం పెట్టుకుని వాళ్ల ముందు నిలబడను?”

కంట్లో వేసే చుక్కలమందు పట్టుకుని పెద్దసారు భార్య లోపలికి వచ్చింది. భర్త చెంప చూసి గతుక్కుమంది.

“ఏమిటండీ ఇది? కన్నీళ్లు పెట్టుకోకూడదని కంటి డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడుగా!”

“తర్వాత వేద్దువుగాని. తలుపు దగ్గరకేసి వెళ్లు.”

ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసి వెళ్లిపోయింది.

“ఇంకెవరికైనా చెప్పావా?” గొంతు తగ్గించి అడిగాడు.

“మా ఆయనక్కూడా చెప్పలేదు. జరిగింది జరిగినట్టు నేనే రాసిస్తాను, నా పేరు పెట్టి పుస్తకంలో వెయ్యండి. మీకే మచ్చా రాకూడదు.”

“నాకు మచ్చ రాకూడదా?” ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. “బిళ్ల ఊడదీశానన్నావే. ఆ చెవికి రెండు కన్నాలు ఉండుండాలి. చూసుకోలేదా?”

“రెండెందుకుంటాయి సార్?”

పెద్దసారు నల్లద్దాలు తీసి, ఎర్రబడ్డ కళ్లతో ఆమెను చూడలేక తల వంచుకున్నాడు.

“నువ్వు చేరకముందే దొర చచ్చిపోయిందమ్మా. ఆ రెండో కన్నం నేను పొడిచిందే.”