నలక

స్కానింగ్ గొట్టంలోంచి బల్ల బయటికి జరిగింది. ఆమె లేచి కూర్చునేసరికి డాక్టరమ్మ తెర ముందు సంబరపడిపోతోంది.

"మేం ఎనిమిది వారాలు నేర్పిన ధ్యానం వృథా పోలేదండీ. మొదటి స్కాన్‌లో మీ మనసు క్షణానికోసారి ఎటో వెళ్లిపోయేది. ఇవాళ ఊపిరి మీంచి కదల్లేదు. మీ కంపెనీవాళ్లకూ సంతోషమే. నలకున్న సీసా ఒక్కటీ మీ కన్ను దాటడం లేదట."

మందు సీసాలను దీపం ముందు తిప్పి చూసి, నలకున్నవి ఏరేయడం ఆమె పని. పదకొండేళ్లుగా అదే కుర్చీ.

"నా మనసుని మళ్లీ మునుపట్లా చెయ్యగలరా?" అంది.

డాక్టరమ్మ నవ్వింది. "మనసు నిలవడం లేదని లోకమంతా ఏడుస్తుంటే, మీరేంటండీ?"

"ఇదివరకు చేతులు సీసాల మీద ఉన్నా మనసు ఇంకోచోట ఉండేది. ఎనిమిది గంటలు ఇట్టే గడిచిపోయేవి. ఇప్పుడు ప్రతి సీసా కనపడుతోందండీ. ఒక్కటీ వదలడం లేదు."

"ఇంతకీ ఎక్కడికి వెళ్లేది మీ మనసు?"

"ఎక్కడికో కాదు, పక్క కుర్చీకే. అక్కడ మా చెల్లి కూర్చునేది. అది పోయి నాలుగేళ్లయినా, రోజంతా కబుర్లు చెప్పుకునేవాళ్లం. సూపర్‌వైజర్ నడకని వెక్కిరించి నవ్వించేది."

డాక్టరమ్మ తెర మీంచి కళ్లు తిప్పింది.

"ఇప్పుడూ వస్తుందండీ. 'అక్కా' అంటుంది. అనగానే, మీరు నేర్పినట్టు, ఇది వట్టి ఆలోచన అనుకుని పంపించేస్తున్నాను. నలకున్న సీసా తీసి పక్కన పెట్టినట్టు. వెళ్లకుండా ఆపుకుందామన్నా అది ఆగడం లేదు."