తొమ్మిదో పేజీ

“ఆ పందికొక్కు మీసాలోడికి సెప్పు. ముందు ఆడి సైడు తవ్వమను. ఆ తర్వాతే మా సైడు గునపం దిగుతాది.”

చంద్రావతమ్మ గొంతు బడి వరండా అంతా మోగింది. గోల్‌బజార్‌లో ముప్పై ఏళ్లు బట్టల కొట్టు నడిపిన గొంతు అది. ఇప్పుడావిడ, రైల్వే పనులకొచ్చిన తెలుగువాళ్లు స్థిరపడ్డ ఖరిదా పేటలో చివరి వార్డుకి కౌన్సిలర్. లోపల హెడ్‌మాస్టర్ గదిలో కూర్చున్న శాశ్మల్ బాబు పక్క పంచాయతీకి ప్రధాన్, అంటే సర్పంచి. ఇద్దరి మధ్యా ఒక కిటికీ ఉంది. దాని తలుపులు పోయినేడు నీళ్లలో నాని ఊడిపోయాయి.

ఆయనకి తెలుగు రాకపోబట్టి బతికిపోయాం అనుకుంది తబిత.

పోయినేడు వానలకి వార్డు నీళ్లు పంచాయతీ పొలాల మీద పడ్డాయి. ప్రధాన్ మనుషులు ఇసక బస్తాలు అడ్డం వేశారు. దాంతో ఇటు ఖరిదా సందులు మునిగాయి, రెండింటి సరిహద్దులో ఉన్న ఈ బడీ మునిగింది. గట్టు మీద మాటా మాటా అనుకున్న ఇద్దరూ మళ్లీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇప్పుడు రెండు వైపులకీ కలిపి ఐదేళ్ల అభివృద్ధి ప్రణాళిక రాశారు. ఇరవై పేజీలకీ సంతకాలయ్యాయి, తొమ్మిదోది తప్ప. మురుగుకాలవ పేజీ అది. నాలుగింటికి బ్లాక్ ఆఫీసర్ జీపు వస్తుంది. అప్పటికి రెండు సంతకాలూ పడకపోతే ఆ పేజీ తీసేసి మిగతావి పట్టుకుపోతారు.

ఇంట్లో తెలుగు, బడిలో బెంగాలీ కాబట్టి మాటలు మొయ్యడానికి మాస్టారు తబితని పిలిచారు. క్లాసులో హాజరు కూడా వినపడేలా పలకని పిల్ల. చెప్పాలనుకున్నవన్నీ డైరీలోనే చెప్పుకుంటుంది. ఈ ఏడే ఇక్కడ పది పాసయింది. చెల్లెలు దోర్కా ఇక్కడే ఏడులో ఉంది. పోయినేడు రెండు నెలలు మూతపడ్డ బడి తెరిచాక, దోర్కా క్లాసులో ఆరుగురు ఆడపిల్లలు తిరిగి రాలేదు. మళ్లీ మునిగితే దోర్కానీ మానిపించేస్తానని నాన్న అనేశాడు.

తబిత లోపలికి వెళ్లింది.

“ఏమంటోంది మీ కౌన్సిలర్?” బెంగాలీలో అడుగుతూ ప్రధాన్ వాచీ చూసుకున్నాడు. ముప్పై ఏళ్లు రైల్వే వర్క్‌షాపులో డ్యూటీ చేసిన మనిషి. ఆయనకి నాలుగంటే నాలుగే.

“మీరు పెద్దవారట దాదూ. మీరు ముందు మొదలెడితే మాకు దారి చూపినట్టుంటుందన్నారు,” అంది నేల చూపులు చూస్తూ, గాలికి కూడా వినపడనంత మెల్లగా.

ఆయన మీసం దువ్వుకున్నాడు. “అంత మర్యాదగా అందా?”

“అవును దాదూ.”

“వాళ్ల ప్లాస్టిక్ చెత్తంతా మా పొలాల్లో తేలుతోంది. అది ఆగేదాకా పార కాదు కదా, పుల్ల కూడా దిగదని చెప్పు.”

తబిత వరండా చివరికొచ్చింది.

“ఏటంటాడు?”

“కాలవ మూతికి ఇనప జాలీ ఎడితే సాలంట మామ్మా. మనం తవ్విన రోజే ఆయనా తవ్విస్తారంట.”

“ఆడి నోట్లోంచి అంత మంచి మాటొచ్చిందా?”

“ఒచ్చింది మామ్మా.”

“జాలీకి పట్టిన సెత్తెవుడు తీస్తాడు? ఆడి తాతొచ్చి తీస్తాడా?”

లోపల ప్రధాన్‌కి టీ పొలమారింది. తబిత పరుగున వెళ్లింది. ఆయన తువ్వాలుతో మీసం తుడుచుకుంటున్నాడు.

“జాలీ పెట్టిస్తారట దాదూ. వారానికోసారి చెత్త వాళ్లే తీయిస్తారట. ఒకే రోజు రెండు వైపులా మొదలెట్టి, బడి గేటు దగ్గర కలుద్దామన్నారు.”

ఆ మాటలు మాత్రం గట్టిగానే వచ్చాయి. ఆయన ఆ పిల్ల మొహంలోకి చాలాసేపు చూశాడు.

“వారానికోసారా? ఆవిడే అందా?”

తబిత తల దించలేదు. “అన్నారు.”

“అయితే రాయి.”

తొమ్మిదో పేజీలో ఖాళీగా ఉన్న చోట గుండ్రంగా రాసింది. నాలుక్కి పావు తక్కువ. వరండాలోకి పట్టుకెళ్లి, రాసినదంతా చంద్రావతమ్మకి తెలుగులో చదివి వినిపించింది.

“వారం వారం మేం తీయించాలా? ఎవుడన్నాడా మాట?”

“ఆళ్ల సైడు పూడిక ఆళ్లు తీసుకుంటారు కద మామ్మా.” ఆ వెంటే డైరీకి తప్ప ఎవరికీ చెప్పని మాట నోటికొచ్చేసింది. “మా దోర్కా బడి మామ్మా ఇది. మళ్లీ మునిగితే మానిపించెత్తారు.”

చంద్రావతమ్మ గోడ వైపు చూసింది. పోయినేటి నీటి చార ఆవిడ భుజం దాకా ఉంది. పెన్ను అందుకుంది.

“పిల్లా, నీ మొహం సూసి ఎడతన్నాను, ఆ పందికొక్కు మొహం సూసి కాదు. ఆ మాట కూడా సెప్పు ఆడికి!”

తబిత లోపలికి వచ్చింది.

“ఏమంది?”

“మీ మీద నమ్మకంతో పెట్టానన్నారు దాదూ.”

ప్రధాన్ ఆవిడ సంతకం పక్కనే తన సంతకం చేశాడు.

జీపు వచ్చింది. ఇరవై పేజీలూ పట్టుకుని వెళ్లిపోయింది. చంద్రావతమ్మ ఎటూ చూడకుండా ఆటో ఎక్కేసింది. శాశ్మల్ బాబు సైకిల్ తాళం తీసి నడిపించుకుంటూ గేటు దాకా వచ్చాడు. తబిత గేటు తెరిచి పట్టుకుంది. ఆయన ఒక్క క్షణం ఆగి, మీసం దువ్వుకుని, ఆ పిల్ల వైపు వంగాడు.

“ఈ పందికొక్కు కూడా నీ మొహం సూసే సంతకం ఎట్టినాడమ్మా.”