చిన్న డబ్బాడు పాత ఆయిల్

సెలవు రోజు పొద్దున్నే కళ్ళజోళ్ళాయన స్కూటరుకు ఆయిల్ మార్చే పనిలో పడ్డాడు.

కళ్ళజోళ్ళ కొట్లో పనిచేస్తాడు కాబట్టి వీధిలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఇంట్లో మాత్రం, పాప పుట్టినప్పటి నుంచి ఆయన్ని పిలిచేవాళ్ళే లేరు. అందరి ధ్యాసా పాప మీదే.

ఆ పాపకు ఒకే ఒక్క శత్రువు. ఇంటి ఇనుప గేటు.

రోజూ చీకటితోనే పాలతను వస్తాడు. బయట వదిలేస్తే పాకెట్లు కుక్కలు చింపేస్తున్నాయని, గడప దాకా తెచ్చి పెట్టమని అత్తగారే చెప్పింది. అతను గేటు తోస్తాడు, గేటు కెవ్వుమంటుంది, లోపల పాప కేరుమంటుంది. ఇక ఇంటిల్లిపాదికీ జాగారమే.

"ఒక్కరోజు తెల్లారేదాకా నిద్రపోతే చాలు, ఇంకేమీ అడగను" అంది భార్య నిన్న, ఏడుపు గొంతుతో.

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. పాలతణ్ణి ఒక్కసారి కూడా చూసిన పాపాన పోలేదు గానీ, చూసిన రోజున కడిగిపారెయ్యాలని మాత్రం నిశ్చయించుకున్నాడు. ముహూర్తం రేపే. అలారం పెడితే పాప లేస్తుంది, కాబట్టి పెట్టడు. గేటు అరవగానే ఒక్క దూకులో వాకిట్లో ఉంటాడు.

ఇంజన్ను కాసేపు నడిపి వెచ్చబడనిచ్చాడు. కింద పాత బేసిన్ పెట్టి, స్పానర్‌తో బోల్టు విప్పాడు. చివరి చుట్టు దగ్గర బోల్టు చేతిలోంచి జారి బేసిన్లో పడింది. దాని వెనకే నల్లటి ఆయిల్ ధార కట్టింది. వేడి వేడి ఆయిల్లో చెయ్యి పెట్టి బోల్టు కోసం దేవుకుంటూనే, రేపు అనాల్సిన మాటలు సాధన చేస్తున్నాడు.

'పసిపిల్ల ఉన్న ఇల్లని తెలీదటయ్యా? కాస్త బుద్ధుండక్కర్లేదూ?'

బుద్ధి దగ్గరికొచ్చేసరికి గేటు కెవ్వుమంది. లోపల పాప అందుకుంది.

తిరిగి చూస్తే ఎవరో పెద్దాయన. ఒక కాలి ప్యాంటు మోకాలి దాకా మడిచి ఉంది. చేతిలో ఖాళీ బూట్ పాలిష్ డబ్బా. సగం తెరిచిన గేటును అలాగే పట్టుకుని, కిటికీ వైపు చూస్తూ "అయ్యో" అన్నాడు నెమ్మదిగా.

"ఏం కావాలి?"

"ఆ పాత ఆయిల్ పారబోసేదేనా బాబూ? ఓ రవ్వంత ఇస్తారా?"

దేనికని అడిగి, జవాబు కూడా కళ్ళజోళ్ళాయనే చెప్పేశాడు. పాత ఆయిల్ వడగట్టి కొత్త సీసాల్లో పోసి అమ్మేవాళ్ళ సంగతి తనకు బాగా తెలుసన్నాడు. అలాంటిది కొనబట్టే తన బావమరిది బండి నడిరోడ్డు మీద మొండికేసిందన్నాడు. పెద్దాయన అంతా ఓపిగ్గా విన్నాడు.

"ఈ డబ్బాడుతో ఎవర్ని ముంచుతాను బాబూ?" అని నవ్వాడు.

ఆ నవ్వుకి కళ్ళజోళ్ళాయనకు ఒళ్ళు మండింది. విసురుగా సగం డబ్బా పోశాడు. పీడ విరగడైతే చాలు.

"ఇంకోసారి ఈ గేటు ముట్టుకోకండి. పాప లేస్తోంది."

"అందుకే బాబూ..." అని ఏదో చెప్పబోయాడు పెద్దాయన. అంతలో లోపల పాప ఏడుపు ఆగింది. ఆయన చప్పున మాట మింగేసి, గేటు మూయకుండానే వెళ్ళిపోయాడు.

"గేటు వేసి వెళ్ళాలన్న ఇంగితం కూడా లేదు" అని సణుక్కుంటూ, కళ్ళజోళ్ళాయనే లేచి వేశాడు.

కెవ్వుమంది. పాప మళ్ళీ మొదలు.

తర్వాత బోల్టు బిగించి, గరాటు పెట్టి కొత్త ఆయిల్ పోశాడు. స్టార్ట్ చేస్తే బండి ఎంత మెత్తగా నడిచిందో! అంత బాగా చేశానా అని తన మీద తనకే ముద్దొచ్చింది. మిగిలిన పాత ఆయిల్ మెకానిక్ షెడ్డులో ఇద్దామని ఒక డబ్బాలో పోసి, తీసుకెళ్ళి సరిగ్గా గేటు పక్కనే పెట్టాడు.

మర్నాడు ముఖం మీద ఎండ పడి మెలకువ వచ్చింది.

పక్కన పాప గుప్పెట గడ్డం కింద పెట్టుకుని నిద్రపోతోంది. భార్య నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఇల్లంతా హాయిగా, నిశ్శబ్దంగా ఉంది. వాకిట్లోకి పరిగెత్తి చూస్తే గడప దగ్గర పాల పాకెట్లు!

గోడ దూకి వచ్చాడా ఏమిటి? గేటు దగ్గరికెళ్ళి తోశాడు. కిక్కురుమనలేదు. మళ్ళీ తోశాడు. మడతబందులు నల్లగా నిగనిగలాడుతున్నాయి. వేలితో రాసి వాసన చూశాడు. అనుమానం లేదు, తన స్కూటరు ఆయిలే. తను పెట్టిన డబ్బా మాత్రం మూత కూడా కదలకుండా ఉంది.

ఆ పెద్దాయనే! కళ్ళజోళ్ళాయనకు సిగ్గేసింది. నిండా పోసినా పోయేదేముంది?

అత్తగారు పాకెట్ల కోసం బయటికొచ్చింది.

"నిన్నొక పెద్దాయన వచ్చాడు అత్తయ్యా, ఒక కాలి ప్యాంటు మడిచి... మళ్ళీ ఎప్పుడొచ్చాడు?"

"మళ్ళీ రావడమేంటి బాబూ, రోజూ వస్తాడుగా. మన పాలతను. అలవాటు కొద్దీ మెలకువొచ్చి కిటికీలోంచి చూశాను. పాపం, ఇవాళ ముందు గేటుకి నూనె పూసి, ఆ తర్వాతే తోశాడు. మీ అల్లుడుగారు అడగ్గానే ఇచ్చారమ్మా, ఎంత మంచివారో అని ఒకటే పొగడ్త."

కళ్ళజోళ్ళాయన నాలుక కరుచుకున్నాడు.

లోపలి నుంచి భార్య వచ్చింది, జుట్టు ముడేసుకుంటూ, ఎండకేసి చూసి నమ్మలేనట్టు నవ్వుతూ. "తెల్లారిపోయిందా?" అంది.

రేపు ఎలాగైనా లేచి, ఆ పెద్దాయన రెండు చేతులూ పట్టుకోవాలని ఆ రాత్రి గట్టిగా అనుకుని పడుకున్నాడు.

లేవలేదు. ఎలా లేస్తాడు, గేటు అరవందే?