నాయన వాటా

పెంచలమ్మ అరిటాకు కడిగి, మొగుడి ముందున్న పీట మీద పరిచింది. గిన్నెలన్నీ మూతలు తీసి వరసగా పెట్టుకుంది. పదేళ్ళకు పైగా పద్మనాభయ్య కంచంలో ఒక్క మెతుకు కూడా ఎక్కువ పడనివ్వని మనిషి ఆమె. ఈరోజు ఆమె వడ్డన చూస్తే ఊళ్ళో ఎవరూ నమ్మరు.

"అన్నం ఇంకొంచెం వెయ్యి సాయమ్మా" అంది కోడలితో.

సాయిలక్ష్మి హస్తం నిండా తీసి వేసింది. సొంత చేలో పండిన బియ్యం. తెల్లగా, పొడిపొడిగా ఉంది అన్నం. ఇంకోసారి వేసింది. ఆపైన ఆమె చెయ్యి ఆగిపోయింది.

"చాలేమో అత్తా."

"చాలదు. వెయ్యి."

పద్మనాభయ్య ఆకు వైపు చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఈమధ్య బాగా చిక్కిపోయాడు. చొక్కా భుజాల మీద నిలవడం లేదు.

ఆయన షుగరు బయటపడింది కోవూరులో, చేలోనే. నాట్లు వేయిస్తూ గట్టు మీద కళ్ళు తిరిగి పడిపోయాడు. నెల్లూరు తీసుకుపోతే డాక్టరు రిపోర్టు చూసి, "ఇంకొన్నాళ్ళు ఇట్లాగే తినుంటే కిడ్నీలు పోయేవి" అన్నాడు. ఆ మాట పెంచలమ్మ చెవిన పడింది. అంతే, ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె రాజ్యం నడిచింది. పొద్దున రాగి జావ. మధ్యాహ్నం కాస్త కొర్రన్నం, ఆకుకూర. ఊరగాయ బంద్, వేపుడు బంద్, కాఫీలో చక్కెర బంద్. సాయంకాలం కాలవ గట్టు దాకా నడక. పెళ్ళిళ్ళకు పోతే పక్కనే కూర్చుని, ఆయన ఆకులోంచి జిలేబీ తీసేసేది. అయినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె పట్టించుకునేది కాదు. మొగుడు మిగలాలి, అంతే.

మిగిలాడు. వయసు మీద పడ్డా చకచకా నడిచేవాడు. డాక్టరు మిగతా రోగులకు ఆయన్ని చూపించి, "ఈయనలాగా ఉండండి" అనేవాడు. పెంచలమ్మ ఆ మాట కనపడిన వాళ్ళందరికీ చెప్పుకుంది.

అయితే ఆమె వంట మాత్రం తగ్గించలేదు. వరి పండించే ఇల్లు. కొలిచి వండితే దరిద్రమని, పారేస్తే పాపమని ఆమె నమ్మకం. అంచేత పద్మనాభయ్యకు వద్దన్నదంతా కొడుకు నరేంద్రబాబు కంచంలోకి పోయేది.

"మీ నాయనకు పడదు గదరా, నువ్వు తిను. వయసులో ఉండావు, నీకేం."

నరేంద్ర ఇందుకూరుపేటలో రొయ్యల గుంటలు చూసుకునేవాడు. ఎండన పడి ఆకలితో వచ్చేవాడు. తండ్రి వాటా అన్నం, తండ్రి వాటా వేపుడు, పైన తన వాటా. "నాయన పథ్యం పుణ్యమా అని నేను బాగుపడతా ఉండా" అని బొజ్జ నిమురుకునేవాడు. ఒకసారి మలై కాజాలు తెచ్చాడు. పద్మనాభయ్య చాటుగా ఒకటి నోట్లో వేసుకోబోతుంటే పెంచలమ్మ చూసింది. చేతిలోది లాక్కుని కొడుకు చేతిలో పెట్టింది. "నీకు చావాలనుందా ఏంది?" అంది మొగుణ్ణి.

"ఈయనకు కూడా ఒకసారి రక్తం పరీక్ష చేయిద్దాం అత్తా" అంది సాయిలక్ష్మి అప్పుడు, మొగుణ్ణి చూపించి.

"తినే పిల్లోడికి దిష్టి పెట్టబాక" అని అత్త కసిరింది. ఆ ఇంట్లో షుగరు మిషను పద్మనాభయ్య వేలిని తప్ప ఇంకొకరి వేలిని పొడిచి ఎరగదు.

ఇప్పుడు మామిడికాయ వేసిన చేపల పులుసు అన్నం మీద ఎర్రగా పారింది. రొయ్యల వేపుడు పడింది. ఆవకాయ, దాని పక్కన నెయ్యి, ఆకు చివర కాజాలు. పెంచలమ్మ తమ్ముడు పెంచలకృష్ణ పొద్దున్నే చిల్లకూరు నుంచి వచ్చాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"అక్కా, కూల్ డ్రింకు తెచ్చినా. అది కూడా పెట్టు. ఈరోజు ఏదీ ఆపబాక."

మామూలు రోజుల్లో అయితే ఆ సీసాను ఆమె పద్మనాభయ్య కంటపడకుండా దాచేది. ఇప్పుడు గ్లాసు నిండా పోసి ఆకు పక్కనే పెట్టింది.

"అన్నీ విషమే అత్తా" అంది సాయిలక్ష్మి సన్నగా.

"తెలుసమ్మా. ఆ కాజా ఇంకోటి పెట్టు."

పద్మనాభయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఇయ్యన్నీ నేనే తినుంటే బాగుండేదిమే."

పెంచలమ్మ చేతిలో గరిటె ఆగింది. నోరు కట్టుకుని బతికిన ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది.

"నిన్ను బతికించుకోవాలనే గదయ్యా చేసినా."

"బతికించినావులే" అన్నాడాయన.

బయట చుట్టాలు ఎండలో కూర్చుని ఉన్నారు. "పొద్దుపోతా ఉంది బావా" అన్నాడు పెంచలకృష్ణ. సాయిలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

పద్మనాభయ్య ఆ ఆకును రెండు చేతులా ఎత్తుకుని, మేడ మెట్లెక్కి, పిట్టగోడ మీద పెట్టి, ఆకాశం కేసి చూస్తూ, "నరేంద్రా, రా నాయనా, వచ్చి తిను" అని కాకులను పిలిచాడు.