నాభి పూల దొంగ

పువ్వు విచ్చుకోవడం ఆలస్యం, ముసలాయన తెంపేస్తున్నాడు.

మీరావలికి ఒళ్ళు మండింది. కొండపల్లి అడవికి కాపలాదారు అతను. అడవి నాభి తీగలున్న ఆ కొండవాలంటే అతనికి ప్రాణం. ఎండలకు తీగ మాడిపోయినా, తొలకరి పడగానే భూమిలోని దుంప మళ్ళీ మొలకెత్తుతుంది. ఎర్రగా, పచ్చగా మంటల్లా పూస్తుంది. మందుల వ్యాపారులకు అమ్ముకునే ఆ దుంపల కోసం దొంగలు తిరుగుతున్నది చాలదన్నట్టు, ఈ పూల పిచ్చోడొకడు దాపురించాడు!

"ఏం తాతా, పూలు దేవుడికా?"

"కాదు బాబూ."

"అమ్ముకోడానికా?"

"ఇవెవరు కొంటారయ్యా?"

నిజమే, ఎవరూ కొనరు. పోనీ ఇంటికి పట్టుకెళతాడా అంటే అదీ లేదు. తెంపిన పూలను రాలుటాకుల కింద కప్పెట్టి, చేతులు దులుపుకుని పోతాడు. మీరావలి ఎంత బుర్ర గోక్కున్నా అంతు చిక్కలేదు.

"మరెందుకు తెంపుతున్నావు?"

"ఈ వాలొక్కటే మిగిలింది బాబూ."

"మిగిలిందని తెంపుతావా? తలా తోకా ఉందా నీ మాటకి?"

ముసలాయన ఇంకో పువ్వు తెంపి ఆకుల కింద దోపాడు.

"చెబితే నన్నసలు అడుగే పెట్టనివ్వవు."

"చెప్పకపోయినా పెట్టనివ్వను. నడు!"

"ఈ వానాకాలం గడవనీ బాబూ, నీ కాళ్ళు పట్టుకుంటాను."

మీరావలి వినలేదు. రెక్క పట్టుకుని కొండ దింపి, బెజవాడ బస్సెక్కించాడు. పీడ విరగడైందనుకున్నాడు.

వారం తిరిగేసరికి వాలంతా విరగబూసింది. చూడటానికి రెండు కళ్ళూ చాలలేదు. భార్య సుగ్రాకు కూడా చెప్పి మురిసిపోయాడు.

ఆ మర్నాడు వెళ్ళేసరికి ఎక్కడ చూసినా గుంతలే. ఒక్క దుంపా మిగల్లేదు. గడ్డపారతో పారిపోతున్న పేరయ్య అనేవాడు మాత్రం చేతికి చిక్కాడు.

"యా అల్లా! ఇన్నాళ్ళూ ఎంత తిరిగినా ఒక్కటీ దొరకలేదు కదరా మీకు. ఇప్పుడెలా దొరికాయి?" మీరావలి వాడి చేతిలోని గడ్డపార లాక్కున్నాడు.

"పువ్వుంటేనే కదండీ జాడ తెలిసేది. పువ్వు లేకపోతే ఇన్ని తీగల్లో అదీ ఓ తీగేనండి. ఈసారి కింద రోడ్డు మీదికే కనపడ్డాయండి."

మీరావలి గుంతల వైపు చూశాడు. ముసలాయన పూలను ఎందుకు కప్పెట్టేవాడో ఇప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం?

"ఇక్కడ పూలు తెంపే ముసలాయన... నీకు తెలుసా?"

"జక్కయ్య తాతా? తెలీకపోవడమేంటండీ! చుట్టుపక్కల కొండలన్నీ తవ్వి ఖాళీ చేసిందీ, పువ్వును చూసి దుంప తవ్వడం మాకు నేర్పిందీ ఆయనేనండి."