సంచి ఎవరిది?

యంత్రంలోకి వెళ్లిన నీలం సంచి ఇవతలికి రాలేదు.

ఎండుచేపలతో, అప్పాలతో ఉబ్బిపోయిన రొహానా సంచి ముందే వచ్చేసింది. ఆగిపోయింది కొడుకుది.

"సంచి ఎవరిది?" అంది తనిఖీ అధికారిణి.

"నాదే," అన్నాడు అజ్లాన్.

అతణ్ణి పక్క గదిలోకి తీసుకెళ్లారు. రొహానాను బయట బల్ల మీద కూర్చోమన్నారు.

మలేసియాలోని జోహోర్ నుంచి వంతెన దాటి సింగపూర్‌లో కూతురింటికి బయల్దేరారు తల్లీకొడుకులు. మనవరాలి పుట్టువెంట్రుకల విందు. ఈ సింగపూర్ గట్టున మత్తుమందు దొరికిందా, సంచి ఎవరిదైతే పాపం వాడిదే. మోతాదు మించితే ఉరితాడే.

అందుకే కొడుకు స్నేహితుడు బోర్హాన్ అంటే ఆమెకు హడలు. వాడి కళ్లెప్పుడూ ఎర్రగా ఉంటాయి. నిన్న వచ్చి, గదిలో కూర్చుని ఏవో గుసగుసలాడి వెళ్లాడు. పొద్దున్నే ఆమె కొడుకు బట్టలన్నీ దులిపి, మళ్లీ తనే సర్దింది. బూట్లు బోర్లించింది. పేస్టు ట్యూబు కూడా నొక్కి చూసింది.

"అమ్మా, నిన్ను చూస్తే అక్కడ వాసన పట్టే కుక్కకి ఉద్యోగం పోతుందే!" అని నవ్వాడు వాడు.

ఇప్పుడు తలుపు సందులోంచి ఆమెకు వాడి వీపే కనిపిస్తోంది. అధికారిణి ఏదో పైకెత్తినట్టుంది.

"ఇది ఎవరు పెట్టారు?"

అజ్లాన్ ఒక్కసారి వెనక్కి తిరిగి తల్లిని చూశాడు.

"నేనే. సంచి నేనే సర్దుకున్నాను. మా అమ్మకేం తెలీదు."

అబద్ధం! సర్దింది తను కదా. అంటే, తను స్నానానికి వెళ్లినప్పుడు...

రొహానా తలుపు తోసుకుని లోపలికి పడింది.

"ఓరి నా కడుపున చెడబుట్టినోడా! ఎవడిచ్చాడో చెప్పరా! ఆ ఎర్రకళ్లోడేనా? వాడికోసం నీ మెడ ఇస్తావట్రా?"

"నువ్వు మాట్లాడకమ్మా, నీ కాళ్లు పట్టుకుంటాను."

"కూర్చోండి పెద్దమ్మా," అంది అధికారిణి. "ఇది నల్లమందు మొక్క గింజ. మీ గట్టున అంగట్లో దొరుకుతుందేమో, ఇక్కడికి తేవడం మాత్రం నేరం."

చేతిలోది బల్ల మీద పెట్టింది.

రొహానా ముందుకు వంగి చూసింది.

అది, విందులో కుర్మా చిక్కబడాలని, తన సంచిలో చోటు చాలక, పొద్దున తనే ఎర్ర రబ్బరు బ్యాండు చుట్టి వాడి చొక్కాల మధ్య దోపిన గసగసాల పొట్లం.